విదేశీ విద్యార్థులకు యూనివర్సిటీ స్థాయిలో రాయడం, మాట్లాడడం ఎలా నేర్పాలి

ఇంగ్లిష్ పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకుని వేరే దేశంలో యూనివర్సిటీలో చేరిన విద్యార్థి మొదటి అసైన్‌మెంట్ ఇస్తాడు. అది తిరిగి వచ్చేసరికి పక్కన "నీ వాదన ఏమిటి?", "ఇది వర్ణన, విశ్లేషణ కాదు", "ఆధారం చూపలేదు" అని రాసి ఉంటుంది. వ్యాకరణం తప్పుల కింద ఒకటో రెండో గీతలు ఉంటాయి, అంతే. ఏం సరిదిద్దుకోవాలో అతనికి అర్థం కాదు. ఇంగ్లిష్ ఇంకా మెరుగుపడాలేమో అనుకుని మళ్లీ వ్యాకరణం పుస్తకం ముందేసుకుంటాడు. చాలామంది టీచర్లు కూడా అదే సలహా ఇస్తారు. నా అనుభవంలో అసలు లోటు సాధారణంగా అక్కడ ఉండదు.

ఆ పరీక్ష ఏం అడుగుతుందో ఒకసారి చూడండి. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రైటింగ్‌లో రెండో ప్రశ్నకు సుమారు 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు రాయాలి. సొంత అభిప్రాయం, సొంత ఉదాహరణలు సరిపోతాయి. ఏ పరిశోధననూ చదివి ఉటంకించనక్కర్లేదు. యూనివర్సిటీలో మొదటి నెలలోనే ఎనిమిది పది వ్యాసాలు చదివి, వాటిలో ఎవరు ఎవరితో ఎక్కడ విభేదిస్తున్నారో పట్టుకుని, తన వైపు నుంచి ఒక మాట చెప్పి, దానికి ఆధారాలు చూపుతూ 2000 పదాలు రాయమంటారు. ఈ రెండు పనులకూ మధ్య ఉన్న దూరాన్ని విద్యార్థికి ఎవరూ వివరించరు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు కూడా తడబడతారు కానీ, స్కూల్లోనే కొంత అలవాటు పడి ఉంటారు.

జిమ్ కమిన్స్ అనే భాషావేత్త 1979లోనే రోజువారీ మాటల్లో పనికొచ్చే భాష వేరు, చదువుకు కావలసిన భాష వేరు అని విడదీసి చూపించారు. మొదటిది త్వరగా వస్తుంది, రెండోదానికి ఏళ్లు పడుతుంది. క్యాంటీన్‌లో గలగలా మాట్లాడే విద్యార్థి సెమినార్‌లో నోరు విప్పకపోతే సోమరితనమనో బిడియమనో తీర్పు ఇచ్చే ముందు ఈ తేడాను గుర్తుచేసుకోండి.

కాబట్టి మీ పనిని ఇలా అనుకోండి: ఆ యూనివర్సిటీలో అందరూ పాటిస్తూ ఎవరూ పైకి చెప్పని నియమాలను బయటికి తీసి, చూపించి, సాధన చేయించడం. కింద చెప్పే ప్రతి మెట్టూ దీని కోసమే.

ముందు వాళ్లు రాయాల్సినవి సేకరించండి

సిలబస్ రాసుకునే ముందు మీ విద్యార్థులు చదివే విభాగాలకు వెళ్లి మూడు అడగండి: ఈ టర్మ్‌లో ఇచ్చే అసైన్‌మెంట్ ప్రశ్నలు, వాటి మార్కింగ్ ప్రమాణాలు, పాత విద్యార్థులు రాసిన బాగున్నవీ ఓ మాదిరివీ కొన్ని పేపర్లు. రాసినవాళ్ల అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి వాడుకోండి. కొందరు లెక్చరర్లు ఇవ్వడానికి వెనకాడతారు. మీ క్లాసు వల్ల వాళ్ల దగ్గరికి వచ్చే పేపర్లే మెరుగవుతాయని చెబితే సాధారణంగా ఒప్పుకుంటారు.

ఇది చేయకుండా "వాతావరణ మార్పు మంచిదా చెడ్డదా" లాంటి అందరికీ సరిపోయే అంశాల మీద వ్యాసాలు రాయించడం వృథా. నర్సింగ్ విద్యార్థి తన అనుభవాన్ని తరచి చూసుకుంటూ రాసే రిఫ్లెక్టివ్ రిపోర్టుకూ, ఇంజనీరింగ్ విద్యార్థి రాసే ల్యాబ్ రిపోర్టుకూ, చరిత్ర విద్యార్థి రాసే వ్యాసానికీ పోలిక తక్కువ. మొదటిదాంట్లో "నేను" అని రాయాలి. రెండోదాంట్లో చాలామంది టీచర్లు దాన్ని ఇష్టపడరు. "అకడమిక్ రాతలో నేను అనకూడదు" అని అందరికీ ఒకే నియమం చెబితే సగం మందిని తప్పుదారి పట్టించినట్టే.

మొదటి వారంలో ప్రతి విద్యార్థి చేత మూడు చిన్న పనులు చేయించండి: తన సబ్జెక్టులో ఒక పేజీ చదివి అయిదారు వాక్యాల్లో సారాంశం రాయడం, ఒక చిన్న ప్రశ్నకు పేరా రాయడం, రెండు నిమిషాలు మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేయడం. వీటికి మార్కులు వద్దు. భద్రంగా దాచండి, చివర్లో అవసరపడతాయి.

దీంతో పాటు వాళ్ల పాత చదువు గురించి అడగండి. ఇంతకు ముందు ఎప్పుడైనా పుస్తకాల నుంచి ఆధారాలు తీసుకుని వ్యాసం రాశారా? పరీక్షలో కంఠస్థం చేసింది రాస్తే మంచి మార్కులు వచ్చేవా? క్లాసులో టీచర్‌ను మధ్యలో ఆపి ప్రశ్న అడిగేవాళ్లా? ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో చూసి జవాబులు మీరే ఊహించేయకండి. 1966లో రాబర్ట్ కప్లాన్ అనే భాషావేత్త ఒక్కో భాషా సమూహం వాళ్లు ఒక్కో ఆకారంలో వ్యాసం నడుపుతారని గీతలు గీసి చూపారు. ఇంగ్లిష్‌కు తిన్నని గీత, ఆసియా భాషలకు చుట్టలు తిరిగే గీత. ఆ బొమ్మలకు చాలా పేరొచ్చింది, తర్వాత అంతకంటే ఎక్కువ విమర్శా వచ్చింది. ఒకే దేశం నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరు డిబేట్లలో ఆరితేరి ఉండొచ్చు, మరొకరు జీవితంలో ఒక్క వ్యాసమూ రాసి ఉండకపోవచ్చు. పాస్‌పోర్టు చూస్తే ఆ సంగతి తెలియదు, అడిగితే తెలుస్తుంది.

ప్రశ్నను చదవడం నేర్పండి

చాలా అసైన్‌మెంట్లు ప్రశ్న దగ్గరే దారి తప్పుతాయి. "డిస్కస్" అన్నచోట విద్యార్థి తనకు తెలిసినదంతా రాస్తాడు. "క్రిటికల్లీ ఎవాల్యుయేట్" అంటే తిట్టాలనుకుంటాడు, లేదా పెద్దవాళ్లను తప్పుపట్టడం ఎలా అని ఆగిపోతాడు. ఒక వాదనకు ఎంత బలం ఉంది, ఏ పరిస్థితుల్లో నిలబడుతుంది, ఎక్కడ నిలబడదు అని తూచి చెప్పమంటున్నారని విడమరచి చెప్పండి.

దీనికి నేను బాగా నమ్మే పద్ధతి ఒకటుంది. ఒకే ప్రశ్నకు రాసిన మూడు జవాబులు, ఆ విభాగం మార్కింగ్ ప్రమాణాలతో పాటు విద్యార్థుల చేతికివ్వండి. ఒకటి బాగున్నది, ఒకటి మధ్యస్థం, ఒకటి భాష చాలా చక్కగా ఉండి విషయం లేనిది. జంటలుగా కూర్చుని వాటికి వాళ్లనే మార్కులు వేయమనండి. దాదాపు ప్రతిసారీ కొందరు ఆ మూడోదానికే ఎక్కువ వేస్తారు. అసలు మార్కులు బయటపెట్టినప్పుడు జరిగే చర్చలో, మీరు గంటసేపు లెక్చర్ ఇచ్చినా రాని స్పష్టత వస్తుంది. చదివేవాళ్లు దేనికి మార్కులు వేస్తారో వాళ్లు కళ్లారా చూస్తారు.

పేరా నుంచి మొదలుపెట్టండి

పూర్తి వ్యాసం రాయించే తొందర వద్దు. మొదటి మూడు నాలుగు వారాలు పేరాలోనే ఉండండి. ఒక పేరాలో ఉండాల్సింది ఇంతే: ఒక మాట చెప్పడం, దానికి ఆధారం ఇవ్వడం, ఆ ఆధారం ఆ మాటను ఎలా బలపరుస్తుందో వివరించడం. మొదటి రెండూ చాలామంది రాస్తారు. మూడోది వదిలేస్తారు. ఆధారం చూపిస్తే చదివేవాళ్లే అర్థం చేసుకుంటారనుకుంటారు. "విశ్లేషణ లేదు" అని టీచర్లు రాసేది సరిగ్గా ఈ ఖాళీ గురించే.

ఉదాహరణకు విద్యార్థి ఇలా రాశాడనుకోండి: "రికార్డు చేసిన పాఠాలు విద్యార్థులకు ఉపయోగం. ఒక సర్వేలో ఎక్కువమంది పరీక్షల ముందు వాటిని చూశామన్నారు." ఇక్కడ ఆపి క్లాసును అడగండి: పరీక్షల ముందు చూశారంటే ఉపయోగపడినట్టేనా? చూడడం వేరు, నేర్చుకోవడం వేరు కదా? ఆ ప్రశ్నకు జవాబుగా మూడో వాక్యం పుడుతుంది: "పరీక్షల ముందు చూశారన్న సంగతి, వాటిని పునశ్చరణకు వాడుతున్నారని చెబుతుంది కానీ, వాటి వల్ల మార్కులు పెరిగాయని చెప్పదు." విశ్లేషణ అంటే ఏమిటో నిర్వచనంతో చెప్పకండి. ఇలా ఒక్కో వాక్యాన్ని పుట్టించి చూపండి.

ప్రతి కొత్త పనికీ ఒకే వరుస పాటించండి. ముందు ఒక మంచి నమూనా తీసుకుని అది ఎలా నడిచిందో విప్పి చూపండి. తర్వాత బోర్డు మీద అందరూ కలిసి ఒకటి రాయండి. పెన్ను మీ చేతిలో ఉన్నా వాక్యాలు వాళ్లవై ఉండాలి. ఆ తర్వాతే ఒంటరిగా రాయమనండి. మధ్యలోని మెట్టును టైమ్ లేదని దాటేస్తారు చాలామంది. నిజంగా నేర్చుకునేది అక్కడే. ఒక వాక్యం కోసం తడుముకోవడం, రాసింది కొట్టేయడం, మళ్లీ రాయడం, ఇవన్నీ టీచర్ కూడా చేస్తారని వాళ్లు అప్పుడే చూస్తారు.

పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులకు పరిశోధన వ్యాసాల ఉపోద్ఘాతం పెద్ద గండం. జాన్ స్వేల్స్ అనే భాషావేత్త 1990లో వివరించిన మూడు ఎత్తుగడలు వాళ్లకు చెప్పండి: ఈ విషయం ఎందుకు ముఖ్యమో చెప్పి రంగం సిద్ధం చేయడం, ఇప్పటిదాకా జరిగిన పనిలో ఎక్కడ ఖాళీ ఉందో చూపడం, ఆ ఖాళీని తాను ఎలా పూరిస్తున్నాడో చెప్పడం. చెప్పి వదిలేయకండి. వాళ్ల సబ్జెక్టులోని నాలుగు వ్యాసాలు తెచ్చుకుని, ఈ మూడూ ఎక్కడెక్కడ ఉన్నాయో మూడు రంగుల పెన్నులతో గీత గీయమనండి. ఖాళీని చూపించే వాక్యం చాలాసార్లు "హవెవర్" తోనో, "లిటిల్ ఈజ్ నోన్" లాంటి మాటతోనో మొదలవడం వాళ్లే పట్టుకుంటారు. కొన్ని వ్యాసాల్లో వరుస మారిందనీ గమనిస్తారు. అదీ మంచిదే.

ఆధారాలు వాడడం: ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి

టర్మ్‌లో ఒక్క విషయానికే ఎక్కువ క్లాసులు కేటాయించగలిగితే, దీనికే కేటాయించండి. కాపీ కొట్టారన్న ఆరోపణ విదేశీ విద్యార్థికి మామూలు విషయం కాదు. మార్కులు పోతాయి, విచారణ జరుగుతుంది, కొన్ని సందర్భాల్లో సీటు, దాంతో పాటు వీసా కూడా ప్రమాదంలో పడతాయి. ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్లకు నియమాల జాబితా చదివి వినిపించి సంతకం పెట్టించుకుంటే నేర్పినట్టు కాదు.

మూలంలోని వాక్యాన్ని తీసుకుని అక్కడక్కడ పదాలు మార్చి రాసే అలవాటు దాదాపు అందరికీ ఉంటుంది. పరిశోధకురాలు రెబెక్కా మూర్ హోవార్డ్ 1990లలో దీనికి ప్యాచ్‌రైటింగ్ అని పేరుపెట్టి, దీన్ని చాలావరకు మోసంగా చూడకూడదని, కొత్త రంగం భాషను ఒంటపట్టించుకునే క్రమంలో వచ్చే దశగా చూడాలని వాదించారు. నేను దీంతో పూర్తిగా ఏకీభవిస్తాను. దశ అంటే వదిలేయమని కాదు, దాటించమని.

దాటించే పద్ధతి ఇది. విద్యార్థి ఒక పేరా చదవాలి. పేజీ మూసేయాలి. పక్కవాళ్లకు ఆ విషయాన్ని నోటితో చెప్పాలి, తన మాతృభాషలో చెప్పినా ఫర్వాలేదు. పక్కవాళ్లకు అర్థం కాకపోతే అడగాలి. ఆ తర్వాత పేజీ తెరవకుండానే రాయాలి. చివరికి మూలంతో పోల్చి చూసుకుని, అర్థం మారలేదని, వాక్యం ఆకారం అరువు తెచ్చుకోలేదని నిర్ధారించుకుని, రచయిత పేరు, సంవత్సరం చేర్చాలి. నోటితో చెప్పడమే ఇక్కడ కీలకం. పేజీ కళ్లెదుట ఉన్నంతసేపు ఎవరికైనా దాని మాటలే వస్తాయి.

మూలంలో ఇలా ఉందనుకోండి: "రాత్రి షిఫ్టుల్లో పనిచేసే నర్సుల నిద్ర తగ్గి, దాని వల్ల వాళ్ల ఏకాగ్రత దెబ్బతింటుంది." విద్యార్థి "నైట్ డ్యూటీల్లో పనిచేసే నర్సుల నిద్ర తక్కువై, దాని వల్ల వాళ్ల శ్రద్ధ దెబ్బతింటుంది" అని రాస్తే పదాలు మారాయి, వాక్యం మారలేదు. "నర్సులు పనిలో శ్రద్ధ నిలపలేకపోవడానికి రాత్రి డ్యూటీల వల్ల కోల్పోయే నిద్ర ఒక కారణమని ఈ రచయితలు అంటున్నారు" అంటే తన తలలోంచి వచ్చిన వాక్యం. ఈ రెండోదానికి కూడా మూలం పేరు చెప్పాల్సిందే. సొంత మాటల్లో రాస్తే పేరు చెప్పక్కర్లేదన్న అపోహ చాలా మందిలో ఉంది, దాన్ని మొదటి రోజే తీసేయండి.

టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్ ఇచ్చే శాతం గురించి కూడా కూర్చోబెట్టి చెప్పండి. అది ఎంత పాఠం వేరేచోట్ల ఉన్నదానితో కలుస్తోందో మాత్రమే లెక్కగడుతుంది. రిఫరెన్సుల పట్టిక, కొటేషన్లు, ప్రశ్న పాఠం అన్నీ అందులో కలవొచ్చు. ఎక్కువ శాతం వచ్చినంత మాత్రాన కాపీ అని కాదు, సున్నా వచ్చినంత మాత్రాన అంతా సవ్యమనీ కాదు. ఒక నమూనా రిపోర్టు తెరపై చూపిస్తూ, రంగు పడిన ప్రతి చోటా "ఇది సమస్యేనా?" అని అడగండి.

ఏఐ టూల్స్ సంగతి దాచకుండా మాట్లాడండి. ప్రతి కోర్సులో ఏది అనుమతిస్తారో ఏది అనుమతించరో వేరువేరుగా ఉంటుంది, కాబట్టి ప్రతి లెక్చరర్‌నూ రాతపూర్వకంగా అడిగి తెలుసుకోమనండి. మీ క్లాసులో మాత్రం నోట్సు, మొదటి డ్రాఫ్టు, రెండో డ్రాఫ్టు అన్నీ చూపించమనండి. రాసిన దారి కనిపిస్తే అనుమానాలకు తావుండదు, మీకూ ఎక్కడ సాయం కావాలో తెలుస్తుంది.

ఎంత గట్టిగా చెప్పాలో నేర్పండి

కొత్తగా రాసేవాళ్లు ఒక చిన్న అధ్యయనం చూసి "ఇది నిరూపిస్తుంది" అని రాస్తారు, లేదా ప్రతి వాక్యంలో "బహుశా" చేరుస్తారు. ఇంగ్లిష్‌లో "ప్రూవ్స్", "షోస్", "సజెస్ట్స్", "మే ఇండికేట్" అన్నవాటిని బోర్డు మీద పై నుంచి కిందికి రాయండి. కొన్ని ఆధారాలు ఇవ్వండి: 20 మందిని అడిగిన సర్వే, పదేళ్లు సాగిన పెద్ద అధ్యయనం, ఒక్క మనిషి అనుభవం. ఏ ఆధారానికి ఏ మాట తగుతుందో గుంపులుగా తేల్చమనండి. ఆధారం ఎంత ఉందో అంత గట్టిగానే మాట్లాడాలన్న సంగతి భాషగానూ, ఆలోచనగానూ ఒకేసారి వంటబడుతుంది.

పదాల విషయంలో ఒక్క మాట. పరిశోధకురాలు ఏవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన అకడమిక్ పదాల జాబితాలో 570 పద కుటుంబాలు (ఒకే మూలం నుంచి పుట్టిన పదాల గుంపులు) ఉన్నాయి. అకడమిక్ పుస్తకాల్లోని పదాల్లో దాదాపు 10 శాతం ఇవే. మంచి జాబితాయే కానీ బట్టీ పట్టించకండి. ఒక పదం పక్కన ఏ పదం వస్తుందో తెలియకపోతే అది వాడుకలోకి రాదు. ప్రతి వారం తన సబ్జెక్టు వ్యాసాల నుంచి పది పదబంధాలు, అవి వచ్చిన వాక్యంతో సహా, ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. అకడమిక్ రాతలో పనికొచ్చే పదబంధాలను ఒకచోట చేర్చిన మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ల అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ కూడా పరిచయం చేయండి, అందరికీ అందుబాటులో ఉంది.

సెమినార్‌లో నోరు విప్పించడం

మౌనంగా ఉన్న విద్యార్థికి విషయం తెలియదని తేల్చేయడం చాలా అన్యాయం. వినడం, అర్థం చేసుకోవడం, ఆలోచించడం, వాక్యం కట్టుకోవడం ఇన్ని పనులు రెండో భాషలో చేసి చెయ్యెత్తే లోపు చర్చ ముందుకెళ్లిపోతుంది. విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో క్లాసురూములను గమనించి, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని చూపారు. దాన్ని మూడు సెకన్లకు పైగా పెంచితే జవాబులు పొడుగయ్యాయి, మునుపు మాట్లాడనివాళ్లు మాట్లాడారు. రెండో భాషలో ఆలోచించేవాళ్లకు నేనైతే ఇంకా ఎక్కువే ఇస్తాను. ప్రశ్న బోర్డు మీద రాయండి, రెండు నిమిషాలు కాగితం మీద ఏదైనా రాసుకోమనండి, పక్కవాళ్లతో మాట్లాడుకోనివ్వండి, ఆ తర్వాతే అందరి ముందు అడగండి. ఫ్రాంక్ లైమన్ అనే విద్యావేత్త 1981లో పేరుపెట్టిన థింక్-పెయిర్-షేర్ పద్ధతి ఇదే. సాదాగా కనిపిస్తుంది, అద్భుతంగా పనిచేస్తుంది.

వీలైతే చర్చించబోయే ప్రశ్నలను ముందు రోజే పంపండి. మిగతావాళ్ల కంటే విదేశీ విద్యార్థులకు ఎక్కువ మేలు చేస్తున్నట్టు ఎవరైనా అంటే పట్టించుకోకండి, ముందే ఆలోచించి వస్తే చర్చ అందరికీ మెరుగవుతుంది.

తర్వాత, చర్చలోకి దూరే మాటలు నేర్పండి. ఒకరు మాట్లాడుతుండగా మర్యాదగా ఎలా అందుకోవాలి, అర్థం కాకపోతే ఎలా అడగాలి, ఎదుటివాళ్ల మాటను తిరిగి చెప్పి "నువ్వన్నది ఇదేనా" అని ఎలా నిర్ధారించుకోవాలి, ఎలా విభేదించాలి. వీటిలో విభేదించడం అన్నిటికంటే కష్టం. మొదటి కొన్ని వారాలు పాత్రలు ఇచ్చి చేయించండి: ఈ రోజు నీ పని ప్రతి వాదనకూ ఒక అభ్యంతరం చెప్పడం, నీ పని ఆధారం అడగడం, నీ పని అప్పటిదాకా జరిగింది మూడు వాక్యాల్లో చెప్పడం. పాత్ర ఉంటే మనిషి మీద విమర్శ చేస్తున్నామన్న బాధ ఉండదు. పాత్రలను ప్రతి వారం మార్చండి. నాలుగో వారం తర్వాత తీసేయండి.

ధారగా మాట్లాడడానికి ఒక చక్కటి సాధన ఉంది: ఒకే విషయాన్ని ఒకరికి నాలుగు నిమిషాల్లో, ఇంకొకరికి మూడు నిమిషాల్లో, మరొకరికి రెండు నిమిషాల్లో చెప్పడం. వినేవాళ్లు మారతారు కాబట్టి విసుగు రాదు. మూడోసారికి తడబాట్లు తగ్గుతాయి, అనవసరమైనవి వాటంతటవే రాలిపోతాయి.

ఉచ్చారణ గురించి విద్యార్థులు చాలా బెంగపడతారు. యాస మార్చుకోనక్కర్లేదని స్పష్టంగా చెప్పండి. వినేవాళ్లకు అర్థం కావడమే లక్ష్యం. ఇంగ్లిష్‌లో అర్థం కాకపోవడానికి చాలాసార్లు కారణం పదంలో ఏ భాగాన్ని నొక్కి పలికారన్నదీ, వాక్యంలో ఎక్కడ ఆగారన్నదీ. "అనాలిసిస్" అన్నప్పుడు నొక్కు రెండో అక్షరం మీద, "అనలిటికల్" అన్నప్పుడు మూడో అక్షరం మీద పడుతుంది. ప్రతి విద్యార్థీ తన సబ్జెక్టులో పదేపదే వాడే ఇరవై పదాలు రాసుకుని, డిక్షనరీ వెబ్‌సైట్లలో విని, నొక్కు ఎక్కడుందో గుర్తు పెట్టుకుంటే సగం పని అయిపోతుంది.

ప్రెజెంటేషన్లలో పెద్ద సమస్య స్లైడ్ చదవడం. పరిశోధక విద్యార్థులు తమ పరిశోధనను మూడు నిమిషాల్లో చెప్పే త్రీ మినిట్ థీసిస్ పోటీని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ 2008లో మొదలుపెట్టింది, దాని నియమాన్ని మీ క్లాసులోకి తెచ్చుకోండి: కదలని ఒకే ఒక్క స్లైడ్, మూడు నిమిషాలు. చదవడానికి ఏమీ ఉండదు కాబట్టి చెప్పాల్సి వస్తుంది. ప్రెజెంటేషన్ కంటే తర్వాత వచ్చే ప్రశ్నలే విద్యార్థుల్ని ఎక్కువ భయపెడతాయి, వాటిని విడిగా సాధన చేయించండి. ప్రతి ఒక్కరూ తన టాపిక్ మీద రాగల అయిదు కష్టమైన ప్రశ్నలు రాసి పక్కవాళ్లకు ఇవ్వాలి. "ఆ విషయం ఈ అధ్యయనంలో చూడలేదు, కానీ..." అని జవాబివ్వడం ఓటమి కాదని, పరిశోధకులు రోజూ అలాగే అంటారని చెప్పండి.

లెక్చర్లు వినడానికి విడిగా క్లాసు పెట్టే వీలు లేకపోతే ఒక్క పని చేయండి: పది నిమిషాల రికార్డింగ్ వినిపించి, లెక్చరర్ విషయం మార్చిన చోట, ఉదాహరణ మొదలుపెట్టిన చోట, ముఖ్యమైనది చెప్పబోతున్న చోట ఏ మాట వాడారో మాత్రమే రాసుకోమనండి.

ఈమెయిల్, ఆఫీస్ అవర్స్

ఆఫీస్ అవర్స్ అంటే విద్యార్థులు వచ్చి ప్రశ్నలు అడగడానికే కేటాయించిన సమయమని, అప్పుడు వెళ్తే ఎవరినీ ఇబ్బంది పెట్టినట్టు కాదని మొదటి క్లాసులోనే చెప్పండి. మొదటిసారి ఇద్దరిద్దరు కలిసి రమ్మనండి, ఒక ప్రశ్న రాసుకుని రమ్మనండి. మిమ్మల్ని ఏమని పిలవాలో కూడా మీరే చెప్పేయండి. పేరుతో పిలవాలా, ప్రొఫెసర్ అనాలా అన్న సందేహంతోనే మెయిల్ రాయకుండా ఆగిపోయేవాళ్లు ఉంటారు. మెయిల్‌కు సబ్జెక్ట్ లైన్‌లో కోర్సు పేరు, మొదటి రెండు వాక్యాల్లో అసలు అడగాల్సింది, చివర పూర్తి పేరు ఉంటే చాలు. క్షమాపణలతో నిండిన పొడుగాటి మెయిల్ అవసరం లేదు.

దిద్దేటప్పుడు

పేపరంతా ఎర్ర ఇంకుతో నింపితే విద్యార్థికి కనిపించేది ఎరుపే. వ్యాకరణం దిద్దడం వల్ల ఉపయోగమే లేదని జాన్ ట్రస్కాట్ అనే పరిశోధకుడు 1996లో వాదించినప్పటి నుంచి దీని మీద పరిశోధకుల మధ్య పెద్ద వాదనే నడిచింది. నా తీర్పు ఇది: అన్నీ దిద్దకూడదు, అసలు దిద్దకుండానూ ఉండకూడదు. ఒక్కో డ్రాఫ్టులో అర్థాన్ని చెడగొడుతున్న, మళ్లీ మళ్లీ వస్తున్న ఒకటి రెండు రకాల తప్పులే ఎంచుకోండి. మొదటి రెండు చోట్ల మీరు సరిచేసి చూపండి, మిగతావి కింద గీత గీసి వదిలేయండి. సరిచేసుకోవాల్సింది వాళ్లు.

డ్రాఫ్టు చదివేటప్పుడు ముందు వాదన, తర్వాత వరుస, ఆఖరికి భాష. వచ్చేసారి తీసేయబోయే పేరాలో ఆర్టికల్స్ దిద్ది ఏం లాభం? వ్యాఖ్య కూడా పని చెప్పేలా ఉండాలి. "స్పష్టత లేదు" కంటే "మూడో పేరాలో రెండు కారణాలు కలిసిపోయాయి, వేరు చేసి ఏది ముఖ్యమో చెప్పు" అన్నది నయం. అన్నిటికంటే ముఖ్యం, మార్కులు వేయకముందు, డ్రాఫ్టు దశలోనే చెప్పండి. మార్కులు వచ్చాక వ్యాఖ్యలు చదివేవాళ్లు తక్కువ. సరిచేసి తిరిగి ఇచ్చేటప్పుడు, ఏ వ్యాఖ్యకు ఏం మార్చారో, ఏది మార్చలేదో ఎందుకో అయిదారు వాక్యాల్లో జతచేయమనండి. మీతో విభేదించి మార్చకుండా వదిలేసి, కారణం చెప్పిన విద్యార్థిని తప్పక మెచ్చుకోండి.

మీకు క్లాసు 90 నిమిషాలదైతే మొదటి 15 నిమిషాలు నమూనా చూడడానికి, అరగంట కలిసి రాయడానికి, మరో అరగంట ఒంటరిగా రాయడానికి, మిగిలింది ఒకరిదొకరు చదువుకోవడానికి ఉంచండి. మీరు మాట్లాడే సమయం మొత్తం కలిపి 20 నిమిషాలు దాటకుండా చూసుకోండి.

ఫలితం చూసుకోవడం

టర్మ్ ఆఖరి వారంలో, మొదటి వారం చేయించిన ఆ మూడు పనులే మళ్లీ చేయించండి. పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి, ఏం మారిందో విద్యార్థులనే రాయమనండి. మీ అంచనా కంటే ముందు వాళ్ల అంచనా వినండి. అలాగే సొంత విభాగాల్లో వచ్చిన వ్యాఖ్యలు తెచ్చి చూపించమనండి. మీ క్లాసులో బాగా రాసి అక్కడ మళ్లీ "విశ్లేషణ లేదు" అనిపించుకుంటుంటే, నేర్చుకున్నది అక్కడికి చేరలేదన్నమాట. ఆ వ్యాఖ్య వచ్చిన పేరాను క్లాసుకు తెప్పించి, బోర్డు మీద అందరూ కలిసి తిరిగి రాయండి. అదే వ్యాఖ్య ముగ్గురు నలుగురికి వస్తే ఆ లెక్చరర్‌ను ఒక అరగంట మీ క్లాసుకు పిలిచి, తాను పేపరు ఎలా చదువుతారో ఒక నమూనా మీద చెప్పమని అడగండి. బాగా మెరుగైన రెండు మూడు పేపర్ల మొదటి, ఆఖరి డ్రాఫ్టులను, రాసినవాళ్లు ఒప్పుకుంటే, పేర్లు తీసేసి పక్కన పెట్టండి. వచ్చే బ్యాచ్‌తో కలిసి విప్పి చూడాల్సిన మొదటి నమూనాలు అవే.